శొంఠి బిస్కత్తుల బొమ్మరిల్లు: మందా, మిఠాయా?

శొంఠి లేని కషాయం లేదని మన పెద్దలు అంటారు. ఆ శొంఠి సముద్రాలు దాటి, చలి దేశాల వంటయిళ్లలో పిండితోను, తేనెతోను, కాకవితోను కలిసి ఒక విచిత్రమైన రూపం ధరించింది. దానినే జింజర్‌బ్రెడ్ అంటారు. పేరులో బ్రెడ్ ఉన్నప్పటికీ అది మనం పాలలో ముంచుకొని తినే రొట్టె కాదు, గట్టి బిస్కత్తు. డిసెంబరు మాసంలో జర్మనీ, స్వీడన్, నార్వే, అమెరికా వంటి దేశాలలో కుటుంబమంతా ఒకచోట చేరి, ఆ బిస్కత్తు పలకలతో గోడలు నిలిపి, కప్పు వేసి, పంచదార ముద్దతో అతికి, రంగు బిళ్లలతో అలంకరించి ఒక చిన్న ఇల్లు కడతారు. అది వారి బొమ్మరిల్లు.

ఈ పరదేశపు ముచ్చటతో మనకేమి పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉన్నది. మన పిల్లలు అక్కడ స్థిరపడ్డారు. మనుమలు అక్కడి బడులలో ఈ ఇళ్లు కడుతున్నారు. ఇక్కడ కూడా పెద్ద నగరాలలోని స్టార్ హోటళ్లు డిసెంబరులో వీటిని ప్రదర్శనకు పెడుతున్నాయి. కట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న డబ్బాలు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తున్నాయి.

గత శీతకాలంలో న్యూజెర్సీలో కూతురి ఇంట ఉన్న ఒక పెద్దమ్మగారు నాకు ఫోను చేశారు. ఆవిడకు పన్నెండేళ్లుగా మధుమేహం. "డాక్టరుగారూ, మా మనవడు రెండు రోజులు కూర్చుని ఇల్లు కట్టాడు. పొగగొట్టం విరిచి అమ్మమ్మకే మొదట అని నా నోటి దగ్గర పెడుతున్నాడు. వద్దంటే వాడి మొహం చిన్నబోతుంది, తింటే నా షుగరు పెరుగుతుంది. అల్లం ఉంది కదా, మందే కదా అంటుంది మా అమ్మాయి. ఏం చేయమంటారు?" అని అడిగారు. ఆ ప్రశ్న చిన్నది కాదు. ఔషధ ద్రవ్యం కలిసినంత మాత్రాన ఆహారం ఔషధం అవుతుందా? ప్రేమతో పెట్టినది పథ్యం కాకపోతే ఏమి చేయాలి? ఈ రెండింటినీ గూర్చి నా అభిప్రాయం విన్నవిస్తాను.

పేరు మన దిక్కుది

అల్లానికి పాశ్చాత్యులు పెట్టిన జింజిబర్ అనే శాస్త్రనామం మన దక్షిణదేశపు మాట నుండి పుట్టినదే. తమిళ మలయాళాలలో ఇంజి అంటే అల్లం, వేరు అంటే మన వేరే. ఆ మాట సంస్కృతంలో శృంగవేరమై, గ్రీకు, లాటిన్ భాషలకు చేరి, చివరకు ఇంగ్లీషులో జింజర్ అయింది. మలబారు తీరపు అల్లం రోమనుల కాలం నాటికే ఐరోపాలో ప్రసిద్ధం. మధ్యయుగపు ఇంగ్లీషులో జింజర్‌బ్రెడ్ అన్న మాటకు తొలి అర్థం రొట్టె కాదు, పాకం పట్టి నిలవ చేసిన అల్లం. అనగా మన అల్లం మురబ్బా వంటిదన్నమాట. రొట్టె అనే అర్థం తరువాత వచ్చి చేరింది.

జర్మనీలో న్యూరెంబర్గ్ నగరం ఈ బిస్కత్తులకు పుట్టిల్లు వంటిది. దాని చుట్టూ ఉన్న అడవులలో తేనె సమృద్ధిగా దొరికేది. వెనిస్ మీదుగా వచ్చే మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, జాజికాయ ఆ నగరపు అంగళ్లకు చేరేవి. తేనె, సుగంధ ద్రవ్యాలు ఒకే ఊరిలో కలిసినందువలన లేబ్‌కూఖెన్ అనే ఈ వంటకం అక్కడ వర్ధిల్లింది. 1996లో ఐరోపా సమాఖ్య ఆ నగరం పేరుకు భౌగోళిక రక్షణ కల్పించింది. వాటిలో ఉత్తమమని పేరొందిన ఎలీజెన్ రకంలో కనీసం నాలుగవ వంతు బాదం, హేజెల్, అక్రోటు వంటి గింజల పప్పులు ఉండాలి; పిండి నూటికి పది పాళ్లు మించరాదు. ఈ నియమాన్ని పాఠకులు గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాను. పిండి తగ్గించి పప్పులు పెంచడమే ఘనత అని ఆ వంటవారు భావించారు.

ఇంటి సంగతికి వస్తే, గ్రిమ్ సోదరులు 1812లో ప్రచురించిన కథల సంపుటిలో హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్ల కథ ఉన్నది. అడవిలో వారికి రొట్టెతో కట్టిన ఇల్లు కనిపిస్తుంది. కప్పు కేకు, కిటికీలు పంచదార. ఈ కథ ప్రసిద్ధి పొందిన తరువాతనే తినే ఇళ్లు కట్టడం జర్మనీలో విస్తరించిందని చెబుతారు. అక్కడి నుండి వలస వెళ్లిన కుటుంబాల ద్వారా ఆ ఆచారం అమెరికా చేరింది. 1969 నుండి వైట్‌హౌస్‌లో కూడా క్రిస్మస్‌కు ఇటువంటి ఇంటిని కడుతున్నారు. అయితే ఆ కథలో ఒక సంగతిని మనం మరువరాదు. ఆ పిల్లలు కరవు వలన, ఆకలితో నకనకలాడుతూ ఆ ఇంటిని తిన్నారు. నేటి మన పిల్లల వ్యాధి ఆకలి కాదు, అతిభోజనం. కథలో తీపి ఇల్లు మంత్రగత్తె పన్నిన ఎర అన్న సంగతి కూడా తల్లులు ఒకసారి తలచుకోవాలి.

గుణ విచారణ

ఆయుర్వేదం శొంఠిని విశ్వభేషజం, మహౌషధం అని కీర్తించింది. అది కటు రసం, ఉష్ణ వీర్యం, మధుర విపాకం కలది, అగ్నిదీపనం, ఆమపాచనం, వాత కఫాలను హరిస్తుంది. మన ఇళ్లలో బాలింతకు కాయం పెట్టినా, అజీర్తికి మొదటి ముద్దలో శొంఠి పొడి, నెయ్యి కలిపి తినిపించినా ఆధారం ఇదే. బెల్లాన్ని అల్లంతో కలిపి తింటే కఫాన్ని, శొంఠితో కలిపి తింటే వాతాన్ని పోగొడుతుందని భావప్రకాశకారుడు చెప్పాడు. శొంఠి, కాకవి కలిసిన ఈ పరదేశపు బిస్కత్తు మూలసూత్రంలో మన శాస్త్రానికి దూరమైనది కాదు.

కాలం కూడా అనుకూలమే. హేమంత శిశిర ఋతువులలో జఠరాగ్ని బలంగా ఉంటుంది. గురువైన, స్నిగ్ధమైన, మధురమైన ఆహారాన్ని అప్పుడు తట్టుకోగలదు. అల్లాన్ని గ్రీష్మ శరదృతువులలోను, రక్తపిత్తం, కుష్ఠం, పాండురోగం వంటి వ్యాధులలోను వర్జించమన్నారే గాని హేమంతంలో కాదు. సంక్రాంతికి మనం నువ్వులు, బెల్లం తిన్నట్లే చలి దేశాలవారు డిసెంబరులో ఈ శొంఠి బిస్కత్తులు తింటున్నారు.

ఒక్కచోట మాత్రం విరోధం ఉన్నది. పూర్వపు జర్మను పద్ధతిలో తేనెను కాచి పిండిలో కలుపుతారు. తేనెను వేడి చేయడం మన ఆచార్యులు నిషేధించారు. మామూలు మోతాదులో కాచిన తేనె హాని చేస్తుందని ఆధునికులు అంగీకరించరు. వివాదం ఎందుకు? బెల్లం, కాకవి మనకు దొరుకుతున్నప్పుడు ఖరీదైన తేనెను పొయ్యి మీద పెట్టవలసిన అవసరమే లేదు. ఏడాది నిండని పసిబిడ్డకు మాత్రం తేనె ఏ రూపంలోనూ నాకించరాదు. ఇది ఆధునిక వైద్యుల గట్టి హెచ్చరిక, దీనిని అందరం పాటించాలి.

లెక్క వేసి చూద్దాం

"అల్లం ఉంది కదా, మందే కదా" అన్న మాటను ఇప్పుడు తూకంలో పెడదాం. అమెరికాలో ఒక ఇంటికి సాధారణంగా కలిపే ముద్దలో మైదా 750 గ్రాములు, పంచదార 200, కాకవి 250, వెన్న 170 గ్రాములు, రెండు గుడ్లు ఉంటాయి. శొంఠి పొడి ఒక పెద్ద చెంచా, అనగా సుమారు 5 గ్రాములు. కాలిన తరువాత మొత్తం ఇంచుమించు 1,350 గ్రాములు తూగుతుంది. శొంఠి చూర్ణం ఔషధ మాత్ర 1 నుండి 2 గ్రాములు. ఒక్క గ్రాము శొంఠి కడుపులోకి పోవాలంటే 270 గ్రాముల బిస్కత్తు తినాలి. దానితోపాటు సుమారు 75 గ్రాముల చక్కెర కూడా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ఉత్తమ పరిమితి పెద్దవారికి రోజుకు సుమారు 25 గ్రాములు. మూడు రోజుల చక్కెర తింటేనే గాని ఒక పూట మందు అందదు! ఇది గోడల లెక్క మాత్రమే. అతుకులకు, మంచు వలె కనిపించడానికి పోసే పంచదార మరొక అరకిలో ఉంటుంది. రంగు బిళ్లలు వేరు.

కనుక నా అభిప్రాయం స్పష్టం. జింజర్‌బ్రెడ్ మిఠాయి. మందు అనే పేరు దానికి తగిలించరాదు. ఆరోగ్యం పేరు చెప్పి తియ్యని పదార్థం అమ్మే ప్రతి చోటా గృహిణులు ఇదే విధంగా లెక్క వేసి చూడాలి. మందు మాత్ర ఎంత, దానిని మోసుకొచ్చే చక్కెర ఎంత? శొంఠి కావలసినవారు చిటికెడు పొడి మజ్జిగలో వేసుకుంటే ఖర్చూ తక్కువ, గుణమూ ఎక్కువ.

దాల్చినచెక్క విషయం కూడా ఇక్కడ చెప్పాలి. అంగడిలో చవకగా దొరికే దళసరి చెక్కలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. అధికంగా తీసుకుంటే కొందరిలో కాలేయానికి చెరుపు చేస్తుంది. 2006లో జర్మనీ ప్రభుత్వ సంస్థ క్రిస్మస్ బిస్కత్తుల విషయమై దీనిని గూర్చి హెచ్చరించింది. రోజుకు దేహపు బరువు కిలోకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ఐరోపా నిపుణులు నిర్ణయించారు. పండుగకు రెండు ముక్కలు తిన్నందువలన భయం లేదు. కాని మధుమేహం తగ్గుతుందని ప్రతిదినం చెంచాడు చెక్కపొడి మింగే మన పాఠకులు కొందరున్నారు, ఈ హెచ్చరిక వారికి. కాగితం వంటి పలుచని పొరలు చుట్టలు చుట్టుకొని ఉండేది సింహళపు చెక్క. దానిలో ఈ దోషం అత్యల్పం. ఒకే మందపాటి పొరగా గట్టిగా ఉండేది రెండవ రకం.

చూడడానికా, తినడానికా?

ఈ ముచ్చటలో అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. ఇంటిని మొదటి వారంలో కట్టి, నెలాఖరు దాకా ముందుగదిలో పెట్టి, తరువాత విరిచి తినడం చాలా ఇళ్లలో చూస్తాము. ఇరవై రోజులు దుమ్ము పట్టి, పదిమంది చేతులు తగిలి, పిల్లలు దొంగచాటుగా నాకిన గోడను తినిపించడం శుచి కాదు. నిలవ ఆహారం తామసమని మన పెద్దలు ఊరకనే అనలేదు. కనుక పిండి కలపకముందే తేల్చుకోండి. చూడడానికైతే అది బొమ్మల కొలువులోని బొమ్మతో సమానం. పండుగ కాగానే పారవేయండి. తినడానికైతే చిన్నదిగా కట్టి రెండు మూడు రోజులలో ముగించండి. కాకినాడ, విశాఖపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో గాలి తేమకు బిస్కత్తు మెత్తబడి కప్పు కుంగుతుంది. అక్కడ రెండు రోజులే మేలు.

అతుకుకు వాడే ఐసింగ్‌ను పచ్చి గుడ్డు తెల్లసొన, పంచదార పొడి కలిపి గిలక్కొట్టి చేస్తారు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. గర్భిణులు, పసివారు, వృద్ధులు ఉన్న ఇంట పచ్చిసొన వాడరాదు. శాకాహారుల ఇళ్లకు ఒక చక్కని ఉపాయం ఉన్నది. కాబూలీ శనగలు ఉడికించిన చిక్కని నీటిని చల్లార్చి గిలక్కొడితే తెల్లసొన వలెనే నురుగు కడుతుంది. 2015 ప్రాంతంలో ఈ పద్ధతి పాశ్చాత్యుల వంటయిళ్లలో ప్రచారంలోకి వచ్చింది. పచ్చి పిండిముద్దను కూడా పిల్లలు రుచి చూడకుండా కాపాడాలి; పచ్చి గోధుమపిండి వలన 2016లో అమెరికాలో ఎందరో జబ్బుపడ్డారు.

ఇక రంగులు. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవారు కొన్ని కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాలను పిల్లలకిచ్చి పరీక్షించగా, కొందరిలో చాంచల్యం పెరిగినట్లు కనిపించింది. 2010 నుండి ఐరోపాలో ఆ ఆరు రంగులు వాడిన పదార్థాల మీద, పిల్లల చురుకుదనం, ఏకాగ్రతల మీద దుష్ప్రభావం ఉండవచ్చునని ముద్రించవలసి వస్తున్నది. డబ్బా మీద 102, 104, 110, 122, 124, 129 అనే సంఖ్యలు కనిపిస్తే అవే. మన దేశంలో అటువంటి హెచ్చరిక ఉండదు గనుక తల్లులే చదువుకోవాలి.

అయినా ఎందుకు కట్టాలి?

ఇన్ని దోషాలు చెప్పి, ఇది మన ఆచారం కాదు, మానివేయండి అంటానని కొందరు ఎదురుచూస్తూ ఉంటారు. నేను అలా అనను. మన సంప్రదాయం పేరు చెప్పి పసివాడి చేతిపనిని చులకన చేయడం వైద్యం కాదు. నార్వేలోని బెర్గెన్ నగరంలో 1991 నుండి ప్రతి సంవత్సరం పిల్లలు, పెద్దలు కట్టిన బిస్కత్తు ఇళ్లతో ఒక ఊరునే అమరుస్తున్నారు. 2009లో ప్రారంభానికి కొద్ది రోజుల ముందు ఎవరో దానిని ధ్వంసం చేస్తే, ఊరివారు మళ్లీ పిండి కలిపి, కాల్చి, తిరిగి నిలబెట్టారు. ఆ శ్రమ రుచి కోసం పడినది కాదు కదా!

మన ఆడపిల్లలు పూర్వం ఇసుకతో బొమ్మరిళ్లు కట్టి, గుజ్జనగూళ్లు వండి ఆడుకునేవారు. చేతులతో చేసే పని, నలుగురితో కూడిన మాట, ఆగి ఎదురుచూసే ఓర్పు ఆ ఆటలు నేర్పేవి. గోడ ఆరేదాకా కప్పు వేయకూడదు, తొందరపడితే కూలుతుంది. ఫోను చూడడానికి అలవాటుపడిన వేళ్లకు ఈ సాధన మంచిదే. సద్వృత్తం కూడా ఆరోగ్యంలో భాగమే అన్నది మన శాస్త్రం.

అందుచేత ఆ పెద్దమ్మగారికి నేను చెప్పిన సమాధానం ఇది: "అమ్మా, మీ వాటా తినడంలో కాదు, కట్టడంలో ఉన్నది. వచ్చే ఏడు అప్పడాల కర్ర మీరు పట్టుకోండి. శొంఠి మీరే దంచి ఇవ్వండి. కప్పు మీద నువ్వులతో ముగ్గు మీరే వేయండి. పెట్టిన ముక్కలో బొటనవేలి గోరంత విరిచి, భోజనం చేసిన వెంటనే నోట వేసుకోండి. మిగిలినది వాడి నోటనే పెట్టి, తాతగారికి చూపించాలి, ఫోటో తీద్దాం రమ్మనండి. తిన్నాను గదా అని మాత్రలు మీ అంతట మీరు పెంచవద్దు." పిల్లవాడు కోరేది అమ్మమ్మ మెచ్చుకోలు. అది పూర్తిగా ఇవ్వవచ్చు. దానికి పథ్యం లేదు.

మన ఇంట కట్టుకునే విధానం

గోధుమపిండి అరకిలో, బెల్లం పావుకిలో, వెన్న 100 గ్రాములు, శొంఠి పొడి 10 గ్రాములు, సింహళపు దాల్చినచెక్క పొడి 3 గ్రాములు, లవంగాలు, మిరియాలు, ఏలకులు ఒక్కొక్కటి గ్రాము చొప్పున పొడి, తినే సోడా అర చెంచా తీసుకోవాలి. బెల్లాన్ని చిన్న టీ గ్లాసెడు నీటిలో కరిగించి వడకట్టి, వెన్న కలిపి, గోరువెచ్చగా అయిన తరువాత పిండిలో పోసి చపాతీ ముద్ద కంటె గట్టిగా కలపాలి. పొడిపొడిగా ఉంటే చెంచాలతో పాలు చిలకరించవచ్చు. గంటసేపు నానిన తరువాత బటర్ పేపరు మీద అర సెంటీమీటరు మందాన వత్తాలి. అట్టతో కత్తిరించిన నమూనాలు పెట్టి గోడలు నాలుగు, కప్పు పలకలు రెండు కోసి, ఓవెన్‌లో 175 డిగ్రీల వేడిలో 12 నుండి 15 నిమిషాలు కాల్చాలి. వేడిగా ఉండగానే అంచులు సరిచేసి, రాత్రంతా ఆరనివ్వాలి. మరునాడు గోడలు అతికి, గ్లాసులు ఆనించి రెండు గంటలు ఆగి, అప్పుడు కప్పు వేయాలి.

ఈ పాళ్లలో శొంఠి వారి ముద్దకంటె సుమారు మూడు రెట్లు ఉంటుంది. కారం పొడసూపుతుంది, కాబట్టి ఎవరూ ఎక్కువ తినలేరు. అదొక మేలు. అయితే బెల్లం వేశాము గనుక మధుమేహులు నిర్భయంగా తినవచ్చునని భ్రమపడరాదు. రక్తంలో చక్కెర పెంచడంలో బెల్లం పంచదారకు తీసిపోదు.

అలంకరణకు రంగు బిళ్లలే ఉండాలనే నియమం లేదు. మంచుకు ఎండు కొబ్బరి తురుము, పెంకులకు బాదం పలుకులు, దారికి నువ్వులు, దడికి గుమ్మడి గింజలు, తలుపుకు ఎండు ద్రాక్ష. న్యూరెంబర్గు వంటవారు మెచ్చినవి కూడా పప్పులే గదా! ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజలు, గట్టి బిళ్లలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది; వారికి కొబ్బరి, నువ్వులు చాలు. కొందరు పంచదార ముదురు పాకంతో గోడలు అతుకుతారు. ఆ పాకం మరిగే నీటికంటె ఎంతో వేడి. చర్మానికి అంటుకొని వదలదు. పిల్లలున్నచోట దానిని వాడవద్దని నా సలహా. చేయి కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. సిరా, పళ్ల పొడి ముద్ద, పసుపు పూయరాదు.

మన తెలుగు క్రైస్తవ గృహాలలో క్రిస్మస్‌కు అరిసెలు, కజ్జికాయలు వండుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పక్కింటివారికి పంచిపెట్టడం వారి మర్యాద. ఈ బొమ్మరింటికీ అదే మర్యాద తగినది. ఎనిమిది మంది కలిసి కట్టిన ఇంటిని ఎనిమిది మందీ తలా ఒక ముక్క పంచుకుంటే అది పండుగ. ఒక్క పిల్లవాడు వారం రోజులు కొరుక్కు తింటే అది రోగానికి పునాది. పండుగనాడు మనకు కావలసినది ఆ మొదటిదే. శొంఠి మీ ఇంట ఎప్పుడూ ఉండేదే; ఈసారి సెలవులకు పిల్లలు చేరినప్పుడు దానిని దంచే పని వారికే అప్పగించండి.